బ్యాటు మీది రబ్బరు

పిల్లవానికి టేబుల్ టెన్నిస్ బ్యాటు కొనుటకు బజారునకు పోయిన తండ్రి దుకాణదారుని అడుగు మొదటి ప్రశ్న, "వీటిలో మంచి రబ్బరు ఏది?" అని. దుకాణదారు తడుముకొనక అన్నిటికంటె ఖరీదైనదానిని తీసి చూపును. అతనిని తప్పుపట్టనక్కరలేదు. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము అతనివద్దనే కాదు, మరెవ్వరివద్దను లేదు. ఎవరి చేతికి మంచిది? ఏ దెబ్బకు మంచిది? బల్లను ఆనుకొని ఆడువానికా, పది అడుగులు వెనుకకు జరిగి ఆడువానికా? ఇవి తేల్చుకొనక కొన్న రబ్బరు వలన కుఱ్ఱవాని ఆట బాగుపడుటకు బదులు చెడిపోవుటయే తరచుగా జరుగుచున్నది. డబ్బు పోయిన పోవుగాక. పదియేండ్ల వయసున చేతికి పట్టిన తప్పుడు అలవాటు ఇరువదియేండ్లు వచ్చినను వదలదు. అందువలన శ్రోతలతో ఈ రబ్బరు సంగతిని కొంచెము తీరికగా ముచ్చటింపదలచినాను.

బ్యాటులో లోపలిది చెక్క. దాని మందములో నూటికి 85 పాళ్లయినను సహజమైన కలప ఉండవలెనని నియమము. పైని అంటించునది రబ్బరు. చూచుటకు చెక్కయే బ్యాటు, రబ్బరు దానికి తొడిగిన గలీబు వలె కనుపించును గాని, బంతిని తాకునది రబ్బరే. ఆ తాకుట కూడ సుమారు సెకనులో వెయ్యవ వంతు కాలము. బంతి తూకము 2.7 గ్రాములు. అంత తేలిక వస్తువు అంత స్వల్ప వ్యవధిలో ఎంత వేగముతో పోవలెనో, ఏ వైపునకు సుడి తిరుగుచు పోవలెనో నిర్ణయమైపోవును. క్రీడాకారులు స్పిన్ అనునది ఈ సుడినే. ముందునకు దొర్లునట్లు తిరుగుచు పోవునది టాప్‌స్పిన్. అది వలను దాటగానే క్రిందికి వంగి, బల్లను తాకి ముందుకు దూకును. వెనుకకు దొర్లునట్లు తిరుగుచు పోవునది బ్యాక్‌స్పిన్. అది గాలిలో తేలుచు వచ్చును. ఎదుటివాడు ఏమరుపాటున బ్యాటు నిలువుగా పెట్టెనా, తిన్నగా వలలో పడును. ఈ ఆటలోని కష్టసుఖములన్నియు ఈ రెండు సుడులలో ఉన్నవన్నను తప్పులేదు.

ఇరువదవ శతాబ్ది ఆరంభమున రబ్బరు లేదు. తోలు బిగించిన చిన్న డోలు వంటి బ్యాటులతోను, వట్టి చెక్కలతోను ఆడినారు. పింగ్‌పాంగ్ అను పేరు ఆ చప్పుడును బట్టి వచ్చినదే. తరువాత బొడిపెలున్న రబ్బరు వచ్చినది. పనసకాయ తొక్కను తలచుకొన్నచో దాని స్వరూపము తెలియును. బొడిపెలు పైకి, నునుపు వైపు చెక్కకు. దీని క్రింద మెత్త ఏదియు లేదు. బంతి బొడిపెల కొనలను మాత్రమే తాకి వెంటనే వెడలిపోవును. కావున వచ్చిన సుడి దానిని ఎక్కువగా తికమకపెట్టలేదు. అది కూడ గొప్ప సుడిని పుట్టించలేదు. ప్రపంచ విజేతగా ఐదుసార్లు నిలిచిన హంగేరీ క్రీడాకారుడు విక్టర్ బార్నా ఇట్టి బ్యాటుతోనే ఆడినాడు. ఈ రబ్బరుతో దాడి చేయుటకంటె కాచుకొనుట సులభము. 1936లో ప్రేగ్ నగరమున పోలండు క్రీడాకారుడు ఏర్లిక్‌కును, రుమేనియా క్రీడాకారుడు పానెత్‌కును జరిగిన పోటీలో మొట్టమొదటి పాయింటే రెండు గంటలకు పైగా సాగినది. ఇద్దరును బంతిని అవతలికి నెట్టుటయే గాని కొట్టు సాహసము చేయలేదు. చూడవచ్చినవారి ఓర్పును మెచ్చుకొనవలెను. అటు తరువాత వల ఎత్తును తగ్గించినారు, ఆటకు కాలపరిమితి పెట్టినారు.

ఆ రబ్బరునకు మరియొక గుణము ఉన్నది. రేడియోలో పనిచేయువానికి అది వెంటనే చెవికి తగులును. బొడిపెల రబ్బరు మీద బంతి పడినప్పుడు టక్కుమని స్ఫుటమైన శబ్దము వచ్చును. గట్టిగా కొట్టిన ఒక శబ్దము, మెల్లగా తాకించిన ఒక శబ్దము. టేబుల్ టెన్నిస్ ఆటకు వ్యాఖ్యానము చెప్పుట మాకు అసాధ్యమైన పని. నోటిలోని మాట పూర్తియగులోపల బంతి నాలుగుసార్లు వల దాటును. అయినను మైక్రోఫోను దగ్గరగా పెట్టి ఊరకున్నచో ఆట సాగుతీరు కొంతవరకు చెవికే తెలిసిపోవును. ఆడువారికి కూడ అంతే. కన్ను చూచుటకు ముందు చెవి హెచ్చరించెడిది.

ఆ హెచ్చరిక తొలిసారి మూగబోయినది మన దేశములోనే. 1952లో ప్రపంచ పోటీలు బొంబాయిలో జరిగినవి. ఆసియాలో అవి జరుగుట అదియే మొదలు. జపాను నుండి వచ్చిన కళ్లజోడు క్రీడాకారుడు హిరోజీ సాతో బ్యాటు మీద బొడిపెల రబ్బరు లేదు. దాని స్థానమున మందపాటి స్పాంజి ఉన్నది. బంతి అందులోనికి దిగి, ఉండేలు నుండి వదలిన రాయి వలె బయటికి దూకెడిది. చప్పుడు మాత్రము లేదు. ఏండ్ల తరబడి చెవిని నమ్ముకొని ఆడిన యూరపు, అమెరికా మేటి ఆటగాండ్రకు దెబ్బ ఎంత బలమైనదో, బంతి ఎప్పుడు వెడలినదో పోల్చుకొనుట దుర్ఘటమైనది. అమెరికా దేశపు మార్టీ రైస్మన్ అతనికి ఓడినాడు. కడపటి పోటీలో హంగేరీ దేశస్థుడు కోచియాన్‌ను గెలిచి సాతో ప్రపంచ విజేత అయినాడు.

ఆట గెలిచినది సాతో ప్రతిభయా, స్పాంజియా అను తగవు ఆనాడే మొదలైనది. ఇట్టి తగవులు రబ్బరు మారినప్పుడెల్ల తిరిగి వచ్చుచునే ఉన్నవి. రైస్మన్ మాత్రము పాత బొడిపెల బ్యాటును విడువలేదు. 1997లో, తన 67వ ఏట, అమెరికాలో పాత తరహా బ్యాటులతో జరుగు జాతీయ పోటీని గెలిచినాడు. పట్టుదల అనిన అట్లుండవలెను. కాని ప్రపంచము ఆయన కొఱకు ఆగలేదు. 1959లో అంతర్జాతీయ సమాఖ్య ఒక మధ్యేమార్గమును శాసించినది. వట్టి స్పాంజి కూడదు. స్పాంజి మీద బొడిపెల రబ్బరును అంటింపవచ్చును, బొడిపెలు పైకైనను ఉండవచ్చును, లోనికైనను ఉండవచ్చును. జిగురుతో సహా మొత్తము మందము 4 మిల్లీమీటర్లు దాటరాదు. నేటికిని ఆ నియమమే అమలులో నున్నది.

నేడు అంగళ్లలో ఎక్కువగా కనుపించునది బొడిపెలు లోనికి తిరిగి, నునుపు వైపు పైకి ఉన్న రబ్బరు. దీని పనితీరు తెలిసికొన్నచో మిగిలిన వాటి సంగతి సులభముగా బోధపడును. బంతి తగులగానే స్పాంజి అణగును; పైని నునుపు రబ్బరు బంతిని పట్టుకొని, బ్యాటు కదలిన వైపునకు సాగి, మరల వెనుకకు లాగుకొనును. ఆ లాగుటలో బంతికి సుడి పుట్టును. బ్యాటును క్రింద నుండి పైకి రాచుచు కొట్టినవానికి ఇంతటి టాప్‌స్పిన్ మరి ఏ రబ్బరును ఈయదు. అయితే ఇందులో ఒక బేరము ఉన్నది. బంతిని పట్టుకొను రబ్బరు మన బంతిని మాత్రమే పట్టుకొని, ఎదుటివాని బంతిని విడిచిపెట్టదు గదా! అతడు పంపిన సుడి కూడ దానికి అంటుకొనును. కొంచెము కోణము తప్పినచో బంతి పైకప్పును చూచును, లేదా వలలో దూరును. ఎంత సుడి ఈయగలదో అంత సుడికి లొంగును. ప్రకటనలలో మొదటి సగమే అచ్చు వేయుదురు.

ఈ నునుపు రబ్బరులలోను రెండు సంప్రదాయములున్నవి. చైనావారి రబ్బరులు చాల వరకు జిగటగా ఉండును. బంతిని వాటికి ఒత్తి బ్యాటును తలక్రిందులు చేసినచో ఒక్క క్షణము అంటుకొని నిలుచుట కూడ కద్దు. స్పాంజి గట్టిది. హరికేన్ అను పేరుగలది వీటిలో ప్రసిద్ధము. 2016లోను, 2021లో జరిగిన టోక్యో క్రీడలలోను ఒలింపిక్ విజేత అయిన మా లాంగ్ ఫోర్‌హ్యాండు వైపు వాడినది ఈ జాతిదే. ఇది పనిచేయవలెనన్న కాలు, నడుము, భుజము కలసి కదలవలెను. దెబ్బ నిండుగా పడినచో బరువైన సుడి. సగము దెబ్బకు సగము కాదు, దాదాపు ఏమియు లేదు. చేతి మణికట్టుతో మాత్రమే ఆడు వానికి ఇది మొద్దు చెక్కవలె తోచును. జపాను, జర్మనీ రబ్బరులు వేరు మార్గమున పోయినవి. పూర్వము క్రీడాకారులు పోటీకి ముందు ఆవిరి పుట్టించు జిగురు రాసి స్పాంజిని ఉబ్బించి వేగము తెచ్చుకొనెడివారు. ఆ ఆవిరి ఆరోగ్యమునకు చెఱుపు గనుక 2008లో దానిని నిషేధించినారు. అప్పటినుండి ఆ వేగమును తయారీలోనే ఇమిడ్చిన బిగువు రబ్బరులు ముందుకు వచ్చినవి. అదే ఏట వచ్చిన టెనర్జీ వానిలో పేరుపొందినది. వీటిలో ఉండేలు గుణము హెచ్చు. బల్లకు రెండడుగుల దూరమున నిలిచి, ఎడమకు కుడికి టాప్‌స్పిన్ వరుసగా కొట్టువానికి ఇవి అమృతము. కాని వలకు దగ్గరగా పొట్టిగా పెట్టవలసిన బంతిని కూడ ఇవి ఎగురగొట్టును. మృదువైన స్పర్శ తెలియని చేతికి ఆ చిన్న బంతులే ప్రాణగండము.

ఇక కుఱుచ బొడిపెలు పైకి ఉన్న రబ్బరు. పాత బొడిపెల రబ్బరు క్రింద స్పాంజి చేరినట్టిది. వచ్చిన సుడిని పెద్దగా లెక్కచేయక, బంతి పైకి లేచుచుండగనే చదునుగా చఱచి పంపుట దీని విద్య. బల్లను ఆనుకొని నిలిచి, ఎదుటివానికి ఊపిరి తీసికొను వ్యవధి ఈయని వారికి ఇది తగినది. బంతి బల్ల మీద పైకి దూకక జారినట్లు పోవును. కలము పట్టినట్లు బ్యాటు పట్టి, ఈ రబ్బరుతో చైనా క్రీడాకారుడు జువాంగ్ జెదోంగ్ 1961, 1963, 1965లలో వరుసగా మూడుసార్లు ప్రపంచ విజేత అయినాడు. 1996 ఒలింపిక్ విజేత లియు గువోలియాంగ్ ఆ త్రోవలోని వాడే. జపాను క్రీడాకారిణి మిమా ఇతో బ్యాక్‌హ్యాండు వైపు ఇట్టి రబ్బరే వాడి 2021లో మిజుతానితో కలసి టోక్యోలో మిశ్రమ ద్వంద్వ స్వర్ణమును గెలుచుకొన్నది. దీని లోపము కూడ స్పష్టమే. బ్యాక్‌స్పిన్‌తో బరువుగా వచ్చు బంతిని ఎత్తి పంపుట కష్టము. కన్ను, అడుగు ఒక్క రవ్వ మందగించినను పొరపాటు తప్పదు. వెనుకకు జరిగి ఆడుటకు ఇది పనికిరాదు.

పొడవు బొడిపెల రబ్బరు నాకు అన్నిటికంటె వినోదము గొలుపును. బొడిపెలు సన్నముగా, ఎత్తుగా ఉండి బంతి తగులగానే గాలికి వరిమొలకలు వ్రాలినట్లు వ్రాలును. బంతిని పట్టుకొనవు. బంతిని బొంగరముగా ఊహింపుడు. నునుపు రబ్బరు బొంగరమును పట్టి ఆపి, ఎదురు వైపునకు త్రిప్పును. పొడవు బొడిపెలు దానిని ఆపవు. తిరుగుచున్న బొంగరము తిరుగుచునే ఉండును. కాని మన వైపునకు వచ్చుచున్న బంతి అటువైపునకు మరలినది. తిరుగు దిక్కు మారలేదు, పోవు దిక్కు మారినది. కావున టాప్‌స్పిన్‌గా వచ్చినది బ్యాక్‌స్పిన్‌గా మరలిపోవును. కొట్టినవాని సుడియే కొట్టినవానికి తిరిగి ముట్టును. ఎంత గట్టిగా సుడి పెట్టి కొట్టిన అంత బరువుగా తిరిగి వచ్చును. బల్లకు దూరముగా జరిగి బంతిని పైనుండి క్రిందికి కోయు రక్షణ ఆటగాండ్రకు ఇది ఆయుధము. కొరియా దేశపు జూ సే-హ్యూక్ ఈ పద్ధతిని నమ్ముకొని 2003లో ప్యారిస్ ప్రపంచ పోటీలలో కడపటి ఆట వరకు వచ్చి, ఆస్ట్రియా క్రీడాకారుడు ష్లాగర్‌కు ఓడినాడు. బల్ల దగ్గరనే నిలిచి దీనిని వాడువారును ఉన్నారు. మన మనికా బత్రా బ్యాక్‌హ్యాండు వైపు పొడవు బొడిపెలతో ఆడి 2018 కామన్‌వెల్త్ క్రీడలలో సింగిల్స్ స్వర్ణము తెచ్చినది.

ఈ రబ్బరును చూచి భయపడు కుఱ్ఱవాండ్రకు ఒక రహస్యము చెప్పవలెను. ఇది అప్పు తీర్చునదే గాని స్వంత ఆస్తి కలది కాదు. సుడి లేని బంతిని పంపినచో తిరిగి ఇచ్చుటకు దానివద్ద ఏమియు ఉండదు. బంతి చచ్చిన బంతిగా తేలుచు వచ్చును, దానిని చఱచవచ్చును. తెలిసిన ప్రత్యర్థి ఒక బంతి సుడితోను, మరియొక బంతి సుడి లేకుండను పంపి అవతలివానిని అయోమయమున పడవేయును.

నునుపుగా ఉండియు పట్టు లేని రబ్బరు ఇంకొకటి కలదు. దానిని యాంటీ స్పిన్ అందురు. పని విషయమున అది పొడవు బొడిపెలకు చుట్టమే. జారుచు, బంతి వేగమును తినివేయును. 2024 ఫిబ్రవరిలో కొరియాలోని బూసాన్‌లో జరిగిన ప్రపంచ జట్టు పోటీలలో అయ్‌హికా ముఖర్జీ ఆ రబ్బరును బ్యాక్‌హ్యాండు వైపు పెట్టుకొని, అప్పటి ప్రపంచ ప్రథమ క్రీడాకారిణి సున్ యింగ్షాను ఓడించినది. మరునాటి పత్రికలలో ఆ రబ్బరు పేరు మారుమ్రోగినది. తగవు మరల మొదలు: గెలిచినది అమ్మాయియా, రబ్బరా? అయ్‌హికా అదే దినమున, అదే బ్యాటుతో, చైనావారి వాంగ్ మాన్యుకు ఓడినది. ఆ పోటీలోనే హైదరాబాదు అమ్మాయి ఆకుల శ్రీజ వాంగ్ యీదీని వరుసగా మూడు గేములలో గెలిచినది. జట్టుగా మనవారు రెండు ఆటలు గెలిచి మూడు ఓడినారు. ఒకే రబ్బరు ఒకే పూట ఒకరిమీద పనిచేసి మరియొకరిమీద పనిచేయకుండుటను చూచినచో, తగవు ఎటు తీర్పవలెనో శ్రోతలే చెప్పగలరు.

రబ్బరు గెలిపించిన సందర్భములు లేకపోలేదు. అవి ఎదుటివాని కన్ను గప్పుటకు వీలున్న రోజులవి. ఒకప్పుడు బ్యాటు రెండు వైపుల రెండు జాతుల రబ్బరులు ఒకే రంగులో అంటించుకొని, ఆట నడుమ బ్యాటును గిరుక్కున త్రిప్పెడివారు. ఏ వైపుతో కొట్టినది కంటికి తెలియదు. చెవికి తెలియును, రెండు రబ్బరుల చప్పుడు ఒక్కటి కాదు. ఆ చెవికి కూడ అందకుండుటకై సర్వీసు చేయునప్పుడు కాలితో నేలను దబ్బున తన్నెడివారు! బొంబాయిలో స్పాంజి చేసిన పనిని ఇక్కడ పాదము చేసినది. 1983లో రెండు వైపుల రెండు రంగులు ఉండవలెనని నియమించి, 1986 నుండి ఒక వైపు ఎరుపు, ఒక వైపు నలుపు అని స్థిరపరచినారు. 2021 నుండి ఎరుపునకు బదులు నీలము, ఆకుపచ్చ మొదలైన రంగులను కూడ అనుమతించినారు గాని రెండవ వైపు నలుపే. ఆటకు ముందు ఎవరి బ్యాటును వారు ప్రత్యర్థికి చూపవలెను. ఇది న్యాయమైన ఏర్పాటని నా అభిప్రాయము. నీ చేతిలో ఏమున్నదో ఎదుటివానికి తెలిసిన తరువాత కూడ గెలువగలిగినచో ఆ గెలుపును ఎవరును ప్రశ్నింపలేరు.

ఇక మన ఇంటి పిల్లవాని సంగతి. మేటి ఆటగాండ్రు వాడు రెండు మిల్లీమీటర్లకు పైబడిన స్పాంజిగల వేగపు రబ్బరును వానికి కొనిపెట్టినచో ఏమి జరుగును? బంతి బల్ల దాటి పోవుచుండును. వాడు తెలియకయే దెబ్బను కుదించుకొనును. చేయి ముందుకు సాగక మధ్యలో ఆగును. బంతి బల్ల మీద పడుచున్నది గదా అని తండ్రి సంతోషించును. కాని నిండుగా సాగవలసిన దెబ్బ అక్కడనే చచ్చినది. నేర్చుకొనువానికి ఒకటిన్నర మొదలు 1.8 మిల్లీమీటర్ల స్పాంజి ఉండి, పట్టు కలిగి, వేగము మధ్యరకమైన నునుపు రబ్బరు రెండు వైపులను చాలును. చెక్క కూడ మరీ బిరుసైనది వలదు. దానితో వాడు తప్పుగా కొట్టిన తప్పుగా పోవును, సరిగా కొట్టిన సరిగా పోవును. ఏది ఎందువలన జరిగినదో వానికి తెలియును. పొడవు బొడిపెలు, యాంటీ వంటివి ఆదిలో ఇచ్చుట నాకు సమ్మతము కాదు. చిన్న పోటీలలో కప్పులు వచ్చును, నిజమే. తోటి పిల్లలకు ఆ రబ్బరు తెలియకపోవుటచే వచ్చిన కప్పులవి. రెండు మూడేండ్లు ఆడిన తరువాత వాని మొగ్గు తెలియును. వెనుకకు జరుగుటకు ఇష్టపడుచున్నాడా, బల్లను వదలకున్నాడా, సుడి పెట్టుట మీద ఆశ ఉన్నదా, చదునుగా చఱచుట మీద ఉన్నదా అని శిక్షకుడు గమనింపవలెను. రబ్బరు మార్చవలసినది అప్పుడు. మార్చినను ఒక్కసారి ఒక్క వైపే మార్చుట మంచిది.

కొన్న రబ్బరును కాపాడుకొనుట వేరొక సంగతి. ఎండ రబ్బరునకు పరమ శత్రువు. మన వేసవిలో సైకిలు బుట్టలోనో, మూసిన కారులోనో విడిచిన బ్యాటు ఒక నెలలోనే ముసలిది కాగలదు. దుమ్ము, చెమట చేరిన నునుపు రబ్బరు పట్టును కోల్పోవును. ఆట ముగిసిన వెంటనే తడి స్పాంజి ముక్కతో మెల్లగా తుడిచి, ఆరిన తరువాత పైన పలుచని ప్లాస్టిక్ కాగితము పరచి ఉంచవలెను. సబ్బులు, స్పిరిట్లు వాడరాదు. కోస్తా ఊళ్లలో వానాకాలమున గాలిలోని తేమ రబ్బరు మీద కంటికి కనుపించని పొరగా చేరి, బంతి జారును. పోటీలో ప్రతి ఆరు పాయింట్లకు తువాలు వాడుకొనుటకు అనుమతి ఉన్నది గనుక అప్పుడు బ్యాటును కూడ తుడుచుకొనవచ్చును.

పాత నునుపు రబ్బరు పనికివచ్చునో లేదో తెలిసికొనుటకు దుకాణమునకు పోనక్కరలేదు. బ్యాటును బల్ల మీద వెల్లకిల పెట్టి, బంతిని అరచేతితో కొంచెము అదిమి రబ్బరు మీద పక్కకు లాగుడు. బంతి పట్టుకొని మొరాయించినచో దానికి ఇంకను ఆయుస్సు ఉన్నది. గాజుపలక మీద వలె జారినచో కొత్తది కొనవలెను. ఆ పనికి పిల్లవానిని వెంట తీసికొని పొండు. దుకాణదారునికి చెప్పవలసిన సమాధానములు వాని చేతిలోనే ఉన్నవి.